బాస్ గిటార్ కొనడం, వాయించడం, మళ్లీ రంగు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాస్ గిటార్లు కొంటూ, వాయిస్తూ, పాత రంగు ఊడదీసి కొత్తది వేస్తూ చాలాకాలంగా ఈ వాద్యంతోనే ఉన్నాను. నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. వీటన్నిటి వెనకా నా అభిప్రాయం ఒకటే: బాస్‌లో ముందు చూడాల్సింది నెక్, అంటే తీగలు నొక్కి వాయించే పొడవాటి మెడ. బ్రాండు, రంగు, తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్పులు, బాడీ చెక్క అన్నీ దాని తర్వాతే.

ముందు మామూలు గిటార్ నేర్చుకుని ఆ తర్వాత బాస్‌కి రావాలా?

అక్కర్లేదు. నాలుగు తీగల బాస్‌లో ఇ, ఎ, డి, జి ఉంటాయి. గిటార్‌లోని మందమైన నాలుగు తీగల స్వరాలే ఇవి, కాకపోతే ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కింద మోగుతాయి. గిటార్ వచ్చినవాళ్లకు స్వరాల చోట్లు ముందే తెలిసి ఉంటాయి, అంతవరకే లాభం. తర్వాత రెండు వాద్యాల దారులు వేరు. బాస్ వాయించేవాళ్లు పాటకు తాళాన్నీ శ్రుతినీ ఒకే చేత్తో అందించాలి. ఆ అలవాటు మొదటి రోజు నుంచే బాస్ మీద పడితే మంచిది.

మొదటి బాస్ ప్రెసిషన్ తరహాదా, జాజ్ తరహాదా?

నన్నడిగితే ప్రెసిషన్ తరహాదే. గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1951లో తెచ్చిన ఈ వాద్యానికి 1957లో రెండు ముక్కల పికప్ వచ్చింది. రెండు ముక్కల చుట్లూ ఎదురెదురుగా ఉండటంతో కరెంటు రొద దానంతట అదే కొట్టుకుపోతుంది. ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. మీటలు తిప్పుకుంటూ కూర్చునే అవకాశం లేదు కాబట్టి ధ్వని బాగోకపోతే చేతుల్నే సరిచేసుకుంటాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి గురువు దొరకదు.

1960లో వచ్చిన జాజ్ బాస్‌కి రెండు పికప్పులు. నెక్ పైచివర తీగలు ఆనే పట్టీని నట్ అంటారు. అక్కడ నెక్ సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పే, అరచేతిలో హాయిగా ఇముడుతుంది. ప్రెసిషన్ నెక్ సాధారణంగా 41 నుంచి 44 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. జాజ్ పికప్పులు రెండూ పూర్తిగా తెరిచి ఉంచితే రొద ఉండదు, ఒకటి తగ్గించగానే మొదలవుతుంది. అది లోపం కాదు, ఆ నిర్మాణం అంతే. రెండిట్లో ఏది చేతికి నచ్చిందో అదే కొనండి. ధ్వనిలో తేడాకి నెమ్మదిగా అలవాటు పడతాం. నచ్చని నెక్‌కి మాత్రం ఎన్నేళ్లయినా అలవాటు పడలేం.

నా చేతులు చిన్నవి. షార్ట్ స్కేల్ కొనుక్కోవాలా?

మామూలు బాస్‌లో నట్ నుంచి, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు 34 అంగుళాలు, షార్ట్ స్కేల్‌లో సుమారు 30. నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు పట్టీలను ఫ్రెట్లంటారు. నట్ నుంచి మొదటి ఫ్రెట్ దాకా దూరం 34 అంగుళాల నెక్ మీద 48 మిల్లీమీటర్ల పైచిలుకు, 30 అంగుళాల దానిమీద 43. వింటే చిన్న తేడానే, కానీ నాలుగు వేళ్లూ పరిచినప్పుడు బాగా తెలుస్తుంది. షార్ట్ స్కేల్‌లో తీగలు వదులుగా ఉంటాయి, ధ్వని గుండ్రంగా, మెత్తగా వస్తుంది. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ వాయించిన హోఫ్‌నర్ వయోలిన్ బాస్ ఈ జాతిదే. కాబట్టి దీన్ని పిల్లల వాద్యం అనుకోవద్దు.

అయినా కొనేముందు ఒకసారి పొడవాటి నెక్ మీద, నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బాస్ వాళ్ల పద్ధతి ప్రయత్నించి చూడండి. కింది ఫ్రెట్లలో వేలికొక ఫ్రెట్ కాకుండా, మూడు ఫ్రెట్ల మీద చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు వాడండి. ఉంగరపు వేలు చిటికెనవేలికి ఆసరాగా ఉంటుంది. చెయ్యి చాచాల్సిన అవసరం చాలావరకు పోతుంది.

నాలుగు తీగలా, అయిదా?

నాలుగు. మీరు వాయించే పాటలకు ఇ కన్నా కిందికి వెళ్లే స్వరాలు నిజంగా కావాలంటేనే అయిదు. ఇ తీగ సుమారు 41 హెర్ట్జ్‌లో మోగితే కింది బి తీగ 31 దగ్గర మోగుతుంది. ఆ స్వరం స్పష్టంగా రావాలంటే నెక్ గట్టిగా ఉండాలి, ధ్వని పెంచే ఆంప్ (యాంప్లిఫయర్) కూడా సరైనదై ఉండాలి. పైగా మోగకుండా ఆపుకోవాల్సిన తీగ ఇంకొకటి పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ బాస్ చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం పరీక్షించాలి?

ఆంప్‌కి తగిలించకముందే నెక్ చూడండి. బాస్‌ని కంటి ఎత్తుకు పట్టుకుని, బాడీ వైపు నుంచి నెక్ అంచు వెంట చూడాలి. రెండు అంచులూ ఒకే తీరుగా సాగాలి. ఒక అంచు లేచి, రెండోది దిగినట్టుంటే నెక్ మెలిపడిందన్నమాట. అలాంటిది ఎంత తక్కువకిచ్చినా వద్దు. ముందుకో వెనక్కో వంగితే నెక్ లోపలుండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌తో సరిచేయవచ్చు, మెలికను ట్రస్ రాడ్ ఏమీ చేయలేదు.

తర్వాత ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకోండి. బిగువుగా ఉన్న ఆ తీగే స్కేలుబద్దగా పనికొస్తుంది. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. సందు బాగా ఎక్కువగా ఉంటే, ట్రస్ రాడ్‌ని పావు చుట్టు బిగించి చూపించమని అమ్మేవారిని అడగండి. అందుకు ఒప్పుకోకపోతే నేను వెనక్కి వచ్చేస్తాను. ట్రస్ రాడ్ చివరిదాకా బిగుసుకుపోయి ఉంటే ఆ నెక్‌కి ఇక మిగిలిన ఆయుష్షు తక్కువ.

ఇప్పుడు ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ నెమ్మదిగా వాయించండి. ఓపిక పట్టండి, అమ్మేవారు విసుక్కున్నా సరే. ఫెండర్ తరహా బాస్‌ల్లో జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఒక స్వరం చటుక్కున ఆరిపోవడం తరచూ కనిపిస్తుంది. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. తీగ శక్తిని అదే పౌనఃపున్యంలో నెక్ తాగేయడం వల్ల ఇది వస్తుంది. కొద్దిగా ఉంటే పట్టించుకోనక్కర్లేదు, ఆ స్వరం పూర్తిగా చచ్చిపోతుంటే మాత్రం తీసుకోవద్దు.

ఆ తర్వాతే మిగతావి. ఆంప్‌కి తగిలించి వాల్యూమ్, టోన్ తిప్పితే గరగర వస్తే అది దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. జాక్ దగ్గర కేబుల్ కదిపితే ధ్వని తెగుతుంటే చిన్న టంకం పని. బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే సాడిల్ మరలు తుప్పు పట్టి కదలకపోతే కొంచెం శ్రమ. ఇవన్నీ ధర తగ్గించమని అడగడానికి కారణాలే తప్ప కొనకుండా ఉండటానికి కాదు. చివరగా పట్టీ తగిలించుకుని నిలబడి చేతులు వదిలేయండి. నెక్ పైకొసనుండే హెడ్‌స్టాక్ నేల వైపు దిగిపోతుంటే మీ ఎడమ చెయ్యి రోజూ ఆ బరువు మోయాలి. రెండు గంటల కచేరీలో అది ఎంత అలసటో వాయించినవాళ్లకు తెలుస్తుంది.

గీతలు పడి, రంగు రాలిన బాస్ కొనొచ్చా?

నెక్ బాగుంటే కళ్లు మూసుకుని కొనండి. చూడటానికి బాగోలేదని ధర తగ్గే వాద్యాలంటేనే నాకు ఇష్టం. రంగు మనం వేసుకోవచ్చు.

యాక్టివ్ బాస్ మంచిదా, పాసివ్ మంచిదా?

యాక్టివ్ అంటే లోపల బ్యాటరీతో నడుస్తూ సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ ఉన్నది, పాసివ్ అంటే అది లేనిది. 1976లో వచ్చిన మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రే ఈ తరహాకు పేరు తెచ్చింది. బాస్, ట్రెబుల్ వాద్యం మీదే పెంచుకోవచ్చు, ధ్వని కొట్టొచ్చినట్టు ముందుకొస్తుంది. వాడకంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: చాలా యాక్టివ్ బాస్‌ల్లో కేబుల్ గుచ్చగానే ప్రీఆంప్ ఆన్ అవుతుంది. వాయించడం అయ్యాక కేబుల్ తీసేయకపోతే 9 వోల్ట్ బ్యాటరీ ఊరికే అయిపోతుంది. వేదిక ఎక్కేముందు జేబులో ఒక బ్యాటరీ ఉంచుకోండి.

తీగలు ఏవి వాడాలి, ఎప్పుడు మార్చాలి?

గుండ్రటి సన్న తీగ చుట్టిన రౌండ్‌వౌండ్ తీగలు గలగలమని మోగుతాయి, చదును పట్టీ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు దుమ్‌దుమ్‌మని. 1960ల్లో ది హూ బృందం బాసిస్టు జాన్ ఎంట్‌విసిల్‌తో కలిసి రోటోసౌండ్ కంపెనీ తెచ్చిన రౌండ్‌వౌండ్ తీగలు రాక్ బాస్ ధ్వనినే మార్చేశాయి. అటువైపు అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో జేమ్స్ జేమర్‌సన్ వాయించినవి ఫ్లాట్‌వౌండ్లు. పాతబడేకొద్దీ ధ్వని బాగుంటుందని ఆయన తీగలు మార్చేవారే కాదంటారు. ఆ రికార్డులు విన్నవాళ్లెవరూ ఆ మాట కాదనలేరు.

రౌండ్‌వౌండ్ల మెరుపు చెమట, మట్టి చుట్ల మధ్య చేరడంతో పోతుంది. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిస్తే ఎక్కువకాలం వస్తాయి. పాత తీగలు నీళ్లలో మరిగిస్తే మళ్లీ మెరుపు వస్తుందని చెప్పుకునేది నిజమే, అయితే అది కొద్దిరోజుల ముచ్చట. ఫ్లాట్‌వౌండ్లు ఖరీదెక్కువ, కానీ ఏళ్ల తరబడి ఉంటాయి. నా ప్రెసిషన్ తరహా బాస్ మీద ఫ్లాట్‌వౌండ్లే ఉంటాయి, ఇంకోటి ఎక్కించాలని ఎప్పుడూ అనిపించలేదు.

తీగల మందం మార్చినప్పుడల్లా నెక్ మీద లాగుడు మారుతుంది. మందమైనవి ఎక్కిస్తే నెక్ ఇంకొంచెం ముందుకు వంగుతుంది, మళ్లీ సెటప్, అంటే నెక్ వంపు, తీగల ఎత్తు లాంటి సర్దుబాట్లు, చూసుకోవాలి.

సెటప్ నేనే చేసుకోవచ్చా?

తప్పకుండా చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. వరుస మాత్రం తప్పొద్దు. ముందు శ్రుతి చేయండి. తర్వాత పైన చెప్పిన సందు చూసి ట్రస్ రాడ్ సరిచేయండి. బిగిస్తే నెక్ నిటారవుతుంది, వదిలితే తీగలు దాన్ని ముందుకు లాగుతాయి. ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు, తిప్పాక మళ్లీ శ్రుతి చేసి చూడండి. బలం పెట్టాల్సి వస్తే ఆపేసి తెలిసినవాళ్లకు ఇవ్వండి.

నెక్ కుదిరాక సాడిళ్లతో తీగల ఎత్తు. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద సుమారు 2.4, జి తీగ కింద 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, మీ చేతి బరువును బట్టి మార్చుకోండి. ఆ తర్వాత ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, ఒట్టి తీగ స్వరానికి సరిగ్గా ఒక ఆక్టేవ్ పైన ఉండాలి. ఎక్కువ పలికితే సాడిల్‌ను నెక్‌కి దూరంగా జరపండి, తక్కువ పలికితే దగ్గరకు. చివర్లో పికప్ ఎత్తు. తీగకు మరీ దగ్గరగా పెడితే అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది.

తీగ టకటకలాడుతోందని ట్రస్ రాడ్ తిప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ట్రస్ రాడ్ ఉన్నది తీగల ఎత్తు కోసం కాదు, నెక్ వంపు కోసం. ఈ తేడా తెలిస్తే సగం సెటప్ వచ్చినట్టే.

వేళ్లతో వాయించాలా, తీగ మీటే చిన్న బిళ్ల పిక్‌తోనా?

రెండూ నేర్చుకోండి. జేమర్‌సన్ ఒక్క చూపుడువేలితో వాయించారు. క్యారల్ కే పిక్‌తో లెక్కలేనన్ని స్టూడియో రికార్డింగుల్లో వాయించారు. లారీ గ్రహమ్ బొటనవేలితో కొట్టి వాయించే కొత్త బాణీనే తెచ్చారు. పిక్‌తో వాయిస్తే అసలైన బాస్ కాదనేవాళ్ల మాట వినకండి. పాటకు ఏది కావాలో అది.

ఒక్కో స్వరం బాగానే వస్తోంది. పాట మొత్తం వాయిస్తే గజిబిజిగా ఉంది. ఎందుకు?

మీరు వాయించని తీగలు మోగుతున్నాయి. కొత్తగా వాయించేవాళ్లలో నూటికి తొంభైమంది సమస్య ఇదే అనిపిస్తుంది నాకు. ఒక తీగ మీటితే మిగతావి దాని కంపనానికి తామూ కదులుతాయి. కింది స్వరాల్లో ఆ రొద బురదలా పేరుకుంటుంది.

కుడిచేతి బొటనవేలిని పికప్ మీద పాతేయకండి. సన్న తీగలకు వెళ్లేకొద్దీ బొటనవేలు కూడా జరుగుతూ వెనక వదిలేసిన తీగల మీద ఆనాలి. జి తీగ వాయిస్తున్నప్పుడు బొటనవేలు ఎ మీద ఉండి, దాని పక్కభాగం ఇ తీగను తాకుతుంది. జి మీటి డి తీగ మీద ఆగిన వేలే దాన్ని కప్పేస్తుంది. మందమైన తీగల వైపు వచ్చినప్పుడు ఎడమచేతి వేళ్లు సన్న తీగల మీద మెత్తగా పరుచుకోవాలి. మొదట్లో ఇది యాతనే. రోజూ నెమ్మదిగా చేస్తే చేతులకు దానంతట అదే పట్టుబడుతుంది, ఆ రోజు నుంచి మీ బాస్ ధ్వని వేరేగా ఉంటుంది.

మెట్రోనోమ్‌తో సాధన ఎలా చేయాలి?

నాలుగు లెక్కలకూ టిక్కు పెట్టుకోవడం మొదటి మెట్టు. తర్వాత వేగం సగం చేసి, ఆ టిక్కులు రెండు, నాలుగు లెక్కల మీద పడుతున్నట్టు ఊహించుకుని వాయించండి. ఒకటి, మూడు మీరే పట్టుకోవాలి. డ్రమ్మర్‌తో వాయించినప్పుడు కాలితో మోగించే కిక్ డ్రమ్ దెబ్బనూ మీ స్వరాన్నీ ఒకే శబ్దంగా వినిపించేలా చేయడమే పని. స్వరం ఎక్కడ మొదలైందో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగిందో కూడా అంతే ముఖ్యం.

మణికట్టు నొప్పి పుడుతోంది.

నొప్పి పుడితే ఆ రోజుకు ఆపేయండి. నొప్పిని ఓర్చుకుని సాధన చేయడం పట్టుదల అనిపించుకోదు. పట్టీ పొడవు తగ్గించి, కూర్చున్నా నిలబడ్డా బాస్ ఒకే ఎత్తులో ఉండేలా చూసుకోండి. మణికట్టు వంగకూడదు. వేలు ఫ్రెట్‌కి సరిగ్గా వెనక పడితే తక్కువ బలంతోనే స్వరం పలుకుతుంది. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

గిటార్ ఆంప్‌లో బాస్ వాయించొచ్చా?

గదిలో తక్కువ వాల్యూమ్‌లో పరవాలేదు. పెంచితే గిటార్ స్పీకర్ కోన్ చిరిగిపోయే ప్రమాదం ఉంది.

ఫ్రెట్లు తీసేసి ఫ్రెట్‌లెస్ చేసుకోవచ్చా?

జాకో పాస్టోరియస్ 1962 నాటి తన జాజ్ బాస్ మీద ఫ్రెట్లు లేకుండా వాయించి, ఫ్రెట్‌బోర్డ్ మీద పడవలకు వాడే ఎపాక్సీ పూత వాడారు. ఆ పాడే ధ్వని విన్నాక ఎవరికైనా చేయాలనిపిస్తుంది. ఫ్రెట్లను టంకం ఇనుముతో వేడిచేస్తూ కొద్దికొద్దిగా లేపితే చెక్క పెచ్చులూడదు. ఖాళీ గాడుల్లో పల్చటి చెక్కపట్టీలు నింపితే అవే గుర్తు గీతలవుతాయి. ఫ్రెట్‌లెస్‌లో వేలు ఫ్రెట్ వెనక కాకుండా సరిగ్గా ఆ గీత మీదే పడాలి. మీకున్న ఒక్క మంచి బాస్ మీద మాత్రం ఈ పని చేయకండి. వేరే చౌక నెక్ ఒకటి కొని దానిమీద చేయండి.

పాత వింటేజ్ బాస్ దొరికింది. కొత్తగా రంగు వేయనా?

వద్దు. ఎంత రాలిపోయినా ఆ రంగు దాని చరిత్ర. ఊడదీస్తే విలువ చాలా పడిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. ఈ పనికి మామూలు కొత్త బాస్‌లు చాలానే ఉన్నాయి.

సరే, మామూలు బాసే. పాత రంగు ఎలా తీయాలి?

విప్పేముందు వైరింగ్ ఫోటో తీసుకోండి, మరలను ఏ భాగానివి ఆ భాగం విడి పొట్లాల్లో వేసి పేర్లు రాయండి. తర్వాత పైనున్నది ఏ పూతో తెలుసుకోవాలి. నెక్ కింద దాగిన చోట అసిటోన్ చుక్క తాకిస్తే నైట్రో లాకర్ (నైట్రోసెల్యులోజ్ పూత) జిగటగా కరుగుతుంది. పాలియెస్టర్, పాలియురేథేన్ చలించవు. ఈ రోజుల్లో ఎక్కువ బాస్‌ల మీద ఉండేవి అవే.

పాలీ పూతకు రసాయనాలతో యుద్ధం చేయకండి, హీట్ గన్ వాడండి. ఒకచోట ఆపకుండా కదుపుతూ వేడిచేస్తే పూత మెత్తబడి ఉబ్బుతుంది, అప్పుడు మొద్దు స్క్రేపర్ కిందికి దూర్చితే పలకలు పలకలుగా లేస్తుంది. వేడి ఎక్కువైతే చెక్క మాడుతుంది, ఆ మచ్చ సాండ్ పేపర్‌కి అంత తేలిగ్గా పోదు. గాలి ఆడే చోట, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకుని చేయాలి. గుడ్డ మాస్క్ పనికిరాదు.

తర్వాత సాండ్ పేపర్ 120, 180, 220, ఎప్పుడూ చెక్క నార వెంటే. అడ్డంగా రుద్దిన గీతలు అప్పుడు కనిపించవు, రంగు వేశాక అన్నీ బయటపడతాయి. నెక్ కూర్చునే గూటిని టేప్‌తో మూసేయండి. అక్కడ ఒక్క పొర అరిగినా నెక్ వదులవుతుంది, కోణం మారుతుంది, సెటప్ ఎప్పటికీ కుదరదు.

అందమైన చెక్క బయటపడుతుందన్న ఆశ మరీ పెట్టుకోవద్దు. ముదురు రంగు కింద చాలాసార్లు పొంతన లేని చెక్కముక్కలు అతికి ఉంటాయి. అలాంటప్పుడు మళ్లీ ముదురు రంగే వేయడం మేలు.

ఏ పూత వేయాలి?

మొదటిసారి చేసేవాళ్లకు నూనె పూత. టంగ్ ఆయిల్ లేదా డేనిష్ ఆయిల్ గుడ్డతో పల్చగా రాసి, కాసేపయ్యాక మిగిలింది తుడిచేసి, ఆరాక మళ్లీ రాయడమే. గీత పడ్డా ఆ చోటు మాత్రం రుద్ది మళ్లీ రాసుకోవచ్చు. ఒక హెచ్చరిక: నూనె తడిసిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి బయట విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో నానబెట్టండి.

నైట్రో లాకర్ అందంగా ఉంటుంది, ఓపిక కావాలి. యాష్ లాంటి రంధ్రాలున్న చెక్కకు ముందు గ్రెయిన్ ఫిల్లర్ నింపాలి, ఆల్డర్‌కి సీలర్ సరిపోతుంది. ఎన్నో పల్చటి పొరలు, మధ్యలో ఆరే సమయం. గాలిలో తేమ ఎక్కువున్న రోజున కొడితే పూత పాలలా తెల్లబడుతుంది. ఆఖరి పొర తర్వాత కనీసం మూడు నాలుగు వారాలు వదిలేయండి. దగ్గరకెళ్తే లాకర్ వాసన వస్తున్నంతకాలం అది ఇంకా గట్టిపడలేదు. తర్వాతే 800 నుంచి 2000 దాకా నీళ్లతో సాండింగ్, పాలిషింగ్. అంచుల దగ్గర చెయ్యి తేలిక చేయండి, పూత అక్కడే ముందు తెగుతుంది. కొన్ని స్టాండుల రబ్బరు నైట్రోను కరిగిస్తుంది, మధ్యలో నూలుగుడ్డ చుట్టండి.

గట్టిపడే రసాయనం కలిపే టూ-కె పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు ప్రమాదం. వాటిని సరైన స్ప్రే బూత్ ఉన్నవాళ్లకు వదిలేయండి.

నెక్ కూడా రంగు తీసేయనా?

తీయొద్దు. నెక్ మీద పూత తేమ నుంచి దాన్ని కాపాడుతుంది. వెనకభాగం చేతికి అతుక్కుంటుంటే సన్నటి స్కాచ్‌బ్రైట్‌తో మెత్తగా రుద్ది మెరుపు చంపితే చాలు. ఉక్కు పీచు వాడితే పికప్పులను టేప్‌తో పూర్తిగా కప్పండి, దాని పొడి అయస్కాంతాలకు అంటుకుంటే వదలదు.

పూత మార్చితే ధ్వని మారుతుందా?

ఘనమైన బాడీ ఉన్న బాస్‌లో నా చెవికి తేడా వినిపించలేదు. తీగలు మార్చితే వినిపిస్తుంది, చెయ్యి పడే చోటు మార్చితే ఇంకా బాగా వినిపిస్తుంది. చూడగానే చేతిలోకి తీసుకోవాలనిపించేలా చేసుకోవడానికే రంగు వేస్తాం, అందుకు ఆ శ్రమ పూర్తిగా తగినదే.

మళ్లీ బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

బ్రిడ్జ్ కింది ఎర్త్ వైరు. పూత కిందపడి లోహానికి తగలకపోతే ఆంప్ గుయ్యిమంటుంది, అక్కడ పూతను గోకి వైరు బ్రిడ్జ్‌కి తాకేలా చూడండి. మరలకు కొంచెం మైనం రాసి, ముందు వెనక్కి తిప్పి పాత గాడిలో పడ్డాక బిగించండి. లేకపోతే కొత్త గాడులు పడి చెక్క వదులవుతుంది. తీగలు ఎక్కించాక నెక్ మళ్లీ లాగుడుకు అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది. వారం తర్వాత మొదటి, చివరి ఫ్రెట్లు నొక్కి ఆ సందు ఇంకోసారి చూసి, అవసరమైతే ట్రస్ రాడ్ కొద్దిగా సరిచేయండి.